విరిగినా చక్రం నిలవాలి

విజయనగరం

చిరంజీవి కిట్టూకి,

  మీ అత్తయ్య మోకాలి నొప్పి ఈ నెల కాస్త నెమ్మదించింది. 

ఫోన్లో నువ్వు పంపిన ఉత్తరం, ఆ మూడు యాక్సిళ్ళ ధరల పట్టికా ప్రింటు తీయించుకుని చదివాను. అంతకు ముందే మీ అమ్మ ఫోన్ చేసింది. వాడు పెద్ద టైర్లు వేసుకుని బండరాళ్ళ మీదికి ఎక్కుతున్నాడట, జీపు వెనకాల కటకటమంటోందట అన్నయ్యా, అంది. నీ ఉత్తరంలో ఆ కటకట ఊసే లేదు. వచ్చే ఈస్టరుకి మోయాబ్ వెళ్ళాలనుంది, ముందు లాకరు బిగిస్తాను, యాక్సిలు సంగతి మరుసటి ఏడు చూస్తాను అని మాత్రం రాశావు. మోయాబ్‌లో 1967 నుంచి ఈస్టరు పండక్కి జీపులు పోగవుతున్నాయని నువ్వే ఓసారి చెప్పావు. వెళ్ళు, కాదనను. నాకు నచ్చనిది నీ పనుల వరస.

డెన్వర్ వచ్చినప్పుడు నీ గరాజులో ఆ జీపు కింద అట్టముక్క పరుచుకుని పడుకున్నాను కదా, అప్పుడే చూశాను. వెనక డిఫరెన్షియలు కవరు గుండ్రంగా ఉంది, నూనె పోసే కన్నానికి రబ్బరు బిరడా ఉంది. అది డానా 35 యాక్సిలు. డానా 44 అయితే కవరుకి మూలలుంటాయి, బిరడా మరల్ది. నీది 1999 మోడలు, నాలుగు లీటర్ల ఇంజను, ఐదు గేర్లు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని టైరు ఎత్తు 28 అంగుళాల దగ్గర ఉంటుంది. ఆ టైరుకి ఆ యాక్సిలు సరిపోతుంది. క్రౌను వీలు 7.56 అంగుళాలు, యాక్సిల్ రాడ్డుకి 27 పళ్ళు. నువ్వేమో 33 అంగుళాల టైర్లు ఎక్కించావు.

మొదటి గేరు 3.83, లో రేంజి 2.72, నీ యాక్సిలు 3.07. మూడూ హెచ్చవేస్తే 32 దాకా వస్తుంది. ఇంజను తిప్పుడు బలం అన్ని రెట్లై చక్రాల వైపు వస్తుందన్నమాట. ఇప్పుడున్న మామూలు డిఫరెన్షియలు దాన్ని రెండు రాడ్లకీ సమానంగా పంచుతుంది. ఒక చక్రం గాల్లోకి లేచిందా, రెండోదానికీ బలం అందదు, బండి ఆగిపోతుంది. నీకది చిరాకే, కానీ రాడ్డు బతికిపోతుంది. లాకరు వేశాక రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి, పట్టు దొరికిన వైపు రాడ్డు ఒక్కటే భారమంతా మోయాలి. మోయాబ్ ఇసకరాతికి పట్టు ఎక్కువ, టైరు జారదు. టైరు జారకపోతే ఇంకేదో ఒకటి లొంగాలి. ముందు లాకరు, తర్వాత యాక్సిలు అన్న నీ వరసలో లొంగేది 27 పళ్ళ రాడ్డే.

రాడ్డు విరగడం నాకు పెద్ద విషయం కాదురా. ఇనుమన్నాక విరుగుతుంది. విరిగాక చక్రం ఏమవుతుందన్నదే నా బాధ. నీ యాక్సిల్లో రాడ్డు లోపలి కొసన ఒక గాడి ఉంటుంది. అందులో సి ఆకారపు చిన్న క్లిప్పు కూర్చుంటుంది. రాడ్డు బయటికి జారకుండా పట్టి ఉంచేది ఆ ఒక్క క్లిప్పే. రాడ్డు మధ్యలో విరిగిందా, లోపలి ముక్క క్లిప్పుతో లోపలే ఉండిపోతుంది. బయటి ముక్కని పట్టుకునేది ఏదీ లేదు. డ్రమ్మూ చక్రమూ కలిసి హౌసింగులోంచి బయటికి నడిచి వచ్చేస్తాయి. రాళ్ళ మీద నడకవేగంలో అయితే బండి ఒరుగుతుంది, అంతే. కానీ ఆ రాళ్ళ మీద బీటిచ్చిన రాడ్డుతోనే ఇంటికొచ్చి, సోమవారం పొద్దున్న హైవే ఎక్కుతావు. చంటిదాని సీటు సరిగ్గా ఆ చక్రాల నడుమే బిగించావు, నేను చూశాను. దాని కాళ్ళకి ఎర్ర మేజోళ్ళుండేవి. ఇంకా అవే వేస్తున్నారా? ఈపాటికి పొట్టయిపోయి ఉంటాయి.

 

నేను ఎస్.కోట షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో అనంతగిరి ఘాటు మీద లారీలకి యాక్సిల్ రాడ్లు విరగడం మామూలు. ఓసారి పసుపు బస్తాల లోడు లారీ మలుపులో ఆగిపోయిందని కబురొస్తే మేస్త్రీ నన్ను కూడా తీసుకెళ్ళాడు. జాకీ తీసుకోవడం మర్చిపోయాడేమో అనుకున్నాను. అక్కడికెళ్ళాక చూస్తే జాకీతో పనే లేదు. చక్రం మధ్యలో ఫ్లాంజి నట్లు విప్పి, సుత్తితో చుట్టూ తట్టి, రాడ్డుని నూనె కారుతుండగా బయటికి లాగేశాడు. చక్రం కదల్లేదు, లోడు కదల్లేదు. లారీ తన కాళ్ళ మీద తాను నిలబడే ఉంది. క్లీనరు కుర్రాడు విరిగిన రాడ్డు గోనెలో చుట్టి భుజాన వేసుకుని, కొత్తది తేవడానికి కిందికి పోయే బస్సెక్కాడు. మేం అక్కడే చింతనిప్పుల మీద టీ కాచుకుని తాగాం. ఆ పసుపు వాసన, ఆ గేరునూనె వాసన కలిసి ఇప్పటికీ ముక్కులో ఉన్నాయి. ఫుల్ ఫ్లోటింగ్ అంటే అదీ. బండి బరువు హౌసింగు మీద, హబ్బు బేరింగుల మీద ఉంటుంది. రాడ్డుకి తిప్పే పని ఒక్కటే.

యుద్ధం నాటి విల్లీస్ జీపులకీ వెనక యాక్సిలు అలాంటిదే. డిస్పోజల్లో కొన్న అలాంటి జీపొకటి మా షెడ్డుకి వచ్చేది. రాడ్డు విరిగితే ముక్కలు తీసేసి, ముందు చక్రాలకి గేరు తగిలించుకుని ఇంటికొచ్చేసేవారు. నా కళ్ళు అది చూసి పెరిగాయి. అందుకే ఇన్ని మాటలు.

ఇక నీ పట్టిక. మొదటిది, ఉన్న డానా 35లోనే 30 పళ్ళ లావుపాటి రాడ్లు, లాకరు. చవకే. రాడ్డు బలపడుతుంది గానీ గొట్టాలు అవే సన్నవి, క్రౌను అదే చిన్నది, పట్టేది అదే క్లిప్పు. దాన్ని కొట్టెయ్.

రెండోది ఎక్స్‌ప్లోరర్ బండి వెనక యాక్సిలు, 8.8. నీ మనసు దాని మీదే ఉందని తెలుస్తోంది. బలం మాటకొస్తే దానికి వంక పెట్టను. 31 పళ్ళ రాడ్లు, లావైన గొట్టాలు. 1995 నుంచి 2001 దాకా వచ్చిన వాటిల్లో డిస్కు బ్రేకులూ ఉన్నాయి. నీ చక్రాల బోల్టులే ఎక్కుతాయి. పాతసామాన్ల యార్డులో చవగ్గా దొరుకుతుంది కూడా. కానీ నీ జీపుది కాయిల్ స్ప్రింగుల సస్పెన్షను కనక బ్రాకెట్లన్నీ కొత్తగా వెల్డింగు చేయించాలి. ఒక్కచోటే వరసగా వెల్డింగు లాగితే వేడికి గొట్టం వంగుతుంది, ఆ తర్వాత బేరింగులు తినేస్తూ ఉంటుంది. పినియను కోణం సరిగ్గా కుదరకపోతే షాఫ్టు జాయింట్లు మోగుతాయి. ఇంతా చేశాక దాంట్లో కూడా సి క్లిప్పే! డిస్కు కాలిపరు చక్రాన్ని కాస్త ఆపుతుందంటారు. ఆ కాస్తని నమ్ముకుని చంటిదాన్ని వెనక కూర్చోబెట్టలేను.

మూడోది డానా 44. నీది లాంటి రాంగ్లరుకే ఆర్డరు మీద వచ్చేది, బ్రాకెట్లన్నీ అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. క్రౌను 8.5 అంగుళాలు, రాడ్డుకి 30 పళ్ళు. రాడ్డుని పట్టేది చక్రం దగ్గరున్న బేరింగూ, నాలుగు బోల్టుల ప్లేటూ. లోపల ఎక్కడ విరిగినా చక్రం నిలుస్తుంది. బేరింగుకి బయట విరిగితే దేనికీ దిక్కులేదనుకో, అయినా విరిగేది ఎక్కువగా లోపలే. ధర ఎక్కువని రాశావు. తేడా ఎంతో చెప్పు, నేను పంపుతాను. నీ డిగ్రీకి వద్దన్నావు, పెళ్ళికి వద్దన్నావు. దీనికైనా ఒప్పుకో.

కొనే ముందు ఒకటి చూడు. 2003కి ముందు ఆ డానా 44 వచ్చింది 3.73తో. నీ ముందు యాక్సిల్లో 3.07. రెండూ వేరువేరుగా ఉంచి ఫోర్ వీల్ వేశావా, గట్టి నేల మీద ముందూ వెనకా ఒకదాన్నొకటి పీక్కుంటాయి. ముందువి కూడా మార్చాలి, 3.07 నుంచి మార్చేటప్పుడు ముందు క్యారియరు కూడా కొత్తది కావాలి. ఎవరూ ముందుగా చెప్పని ఖర్చిది. ఎలాగూ విప్పుతున్నావు కనక 3.73 దగ్గర ఆగకు. 33 టైరు మీద అది బండికి మొదట్లో ఉన్న లాగుడునే తిరిగి ఇస్తుంది, అంతకు మించి కాదు. 4.10 మేలు, కొండలెక్కే నీకు 4.56 ఇంకా మేలు.

బిగించేవాణ్ణి చూసుకుని ఇవ్వు. క్రౌను పళ్ళకి రంగు పూసి, తిప్పి, అచ్చు ఎక్కడ పడుతోందో నీకు చూపించమను. మా మేస్త్రీ సిందూరం నూనెలో కలిపి పూసేవాడు. అచ్చు పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు మారుస్తూనే ఉండేవాడు, భోజనం చల్లారిపోయినా లేచేవాడు కాదు. చూపించనన్నవాడికి బండి ఇవ్వకు. కొత్త పళ్ళు కనక మొదటి 500 మైళ్ళు మెత్తగా నడిపి, నూనె మార్చెయ్. అందాకా లాకరూ వద్దు, మోయాబూ వద్దు.

ఆ కటకట సంగతి మాత్రం ఈ వారమే తేల్చు. కవరు విప్పి, కారిన నూనెలో ఇనుపరజను ఉందేమో వేళ్ళ మధ్య నలిపి చూసి నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా పర్వాలేదు, నాకు నిద్ర తక్కువే. అది తేలేదాకా అమ్మాయీ చంటిదీ మీ కారులోనే తిరగాలి. మీ అమ్మకి ఇదంతా చెప్పకు, నేనే నెమ్మదిగా చెప్తాను. అత్తయ్య చెగోడీలు చేసి ఉంచింది, వచ్చే నెల అటు వచ్చే పక్కింటి అబ్బాయి చేత పంపిస్తాం.

ఇట్లు,
మీ మావయ్య

మరిచాను. కొత్త యాక్సిలు ఎక్కించేటప్పుడు బ్రీదరు గొట్టం కూడా మార్పించు. అది పూడుకుపోతే వేడికి నూనె సీళ్ళు తోసుకుని బ్రేకుల మీదికి కారుతుంది. ఆ గొట్టం కొసని ఏరు దాటినా తడవనంత ఎత్తులో కట్టమను.