ఆనాపానసతి – ధ్రువానుస్మృతి

హైదరాబాదు నుండి శ్రీశైలము వెళ్ళు మార్గమున కడ్తాల్ గ్రామము కలదు. 2016 వరకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులతో పాటు ఇదియు మహబూబ్‌నగరు జిల్లాలోనిదే. అచ్చటి మహేశ్వర మహాపిరమిడు పిరమిడు ధ్యానోద్యమమునకు ముఖ్యకేంద్రము. ఆ ఉద్యమమును 1990లో సుభాష్ పత్రిగారు కర్నూలున, అనగా అలంపురమునకు తుంగభద్ర ఆవలి దరిని, ఆరంభించిరి. 2022లో కడ్తాల్‌లోనే దేహము చాలించిరి.

తరతరములుగా శ్రీరంగాపురమున రంగనాయకస్వామిని సేవించు ఇంట, కుమారుడో కోడలో మంత్రము లేక, మూర్తి లేక, కన్నులు మూసి శ్వాసను గమనించుచు కూర్చుండినచో పెద్దలకు కలత కలుగుట సహజము. కోపగించుటకు ముందు మూలము నరయుట మంచిది.

వారు చేయు ధ్యానమునకు ‘ఆనాపానసతి’ యని పేరు. ఇది పాళీ పదము. ఇచ్చటి ‘సతి’ సంస్కృతమున ‘స్మృతి’యే, వేరొక అర్థమున భ్రమపడరాదు. మజ్ఝిమనికాయములోని ఆనాపానసతి సుత్తమున బుద్ధుడు దీనిని పదునారు మెట్లుగా బోధించెను. శ్వాసతో మొదలై, వేదనలను, చిత్తమును దాటి, అనిత్యతను దర్శించి, సర్వమును విడుచుటతో అది ముగియును. నేటి ఉద్యమము మొదటి మెట్టునే ప్రధానముగా గైకొనినది. ఎన్నేండ్ల వయస్సో అన్ని నిమిషములు కూర్చుండుమనును. దానికి ఆత్మయొక్క లోకాంతరయానములను చేర్చినది. నిత్యమైన ఆత్మ నంగీకరింపని బుద్ధుని మతమున వీనికి చోటెక్కడిది? పిరమిడన్ననో ఈజిప్టు రాజుల సమాధి. ఆ ఆకృతి ధ్యానమునకు బలమిచ్చునన్నది వారి విశ్వాసము; సుత్తమున దాని ప్రసక్తియే లేదు.

శ్వాసను పట్టుట మాత్రము మనకు పరాయి కాదు. గీతయందు నాలుగవ అధ్యాయమున ప్రాణాపానములను ఒకదానియం దొకటి హోమము చేయువారు యజ్ఞవిదులలో లెక్కింపబడిరి. వారు మాంసము మానుడని బోధించుట వైష్ణవ గృహములకు ప్రియమైన మాటయే. కనుక బిడ్డను గద్దించి లేపవలసిన పని లేదు.

భేదమంతయు ఆ ‘స్మృతి’ దేనిపై నిలుచునన్నచోట కలదు. ఉపనిషత్తులు విధించిన ఉపాసనము తైలధారవలె తెగని ధ్రువానుస్మృతి యనియు, అదియే భక్తి యనియు శ్రీభాష్యమున రామానుజులు నిర్ణయించిరి. ఆ స్మృతికి విషయము శ్రియఃపతి. శ్వాసను ఎంత గమనించినను అది పిలిచిన పలుకునది కాదు.

మరణకాలమున శ్వాస తడబడును, స్మృతి తప్పును; అప్పుడు సాధకుని గతి యేమి? వరాహచరమశ్లోకమున భూదేవికి స్వామి దీనికే బదులిచ్చెను: దేహము స్వస్థముగా నున్నపుడు తన్ను తలచినవాడు, అంత్యమున కట్టెవలె, రాతివలె పడియున్నను, ఆ భక్తుని తానే స్మరించి పరమపదమునకు గొనిపోవును.