కృష్ణాతీరమున ఆంధ్రనాయకుని సీమ

శ్రీకాకుళమనగానే నేటి యాత్రికునకు ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రము స్ఫురించును. ఆముక్తమాల్యద పుట్టుకకు కారణమైన శ్రీకాకుళము అది కాదు. కృష్ణాజిల్లా ఘంటసాల మండలమున, కృష్ణవేణి ఎడమ గట్టున, చిన్న గ్రామముగా నున్నదియే ఆ దివ్యస్థలము. ఇచ్చటి స్వామికి ఆంధ్రమహావిష్ణువనియు, ఆంధ్రనాయకుడనియు పేర్లు. ఒక జాతి పేరును తన నామముగా ధరించిన దైవము అరుదు.

క్రీ.శ. 1515లో కొండవీటిని జయించిన పిదప శ్రీకృష్ణదేవరాయలు కళింగముపై దండెత్తిపోవుచు విజయవాడలో కొన్నాళ్లు విడిసెను. అచ్చటినుండి శ్రీకాకుళమునకు వచ్చి స్వామిని సేవించి, హరివాసరమున ఉపవసించెను. ఆ రాత్రి నాల్గవ జామున స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, గోదాదేవిని తాను శ్రీరంగమున పరిణయమాడిన కథను తెలుగున రచింపుమని ఆనతిచ్చినట్లు రాయలే గ్రంథారంభమున చెప్పుకొనెను. రాయల సంస్కృత కృతులను మెచ్చుకొనుచునే స్వామి తెలుగును కోరుట గమనింపదగినది. కథానాయిక తమిళదేశమున శ్రీవిల్లిపుత్తూరు కన్య. కవి తుళువ వంశజుడు. ఆజ్ఞ యిచ్చినది కృష్ణాతీరవాసి. కృతి నందుకొన్నవాడు తిరుమల వేంకటేశ్వరుడు. ఆయన తన మూర్త్యంతరమే గావున కృతిని ఆయనకే అంకితమిమ్మని స్వామియే చెప్పెనట! దక్షిణదేశ వైష్ణవమంతయు ఒక పల్లెటూరి ఏకాదశి రాత్రియందు ఇమిడిపోయినది.

ఆ తెలుగు అటుపిమ్మట రాజాస్థానములకే పరిమితమై యుండలేదు. సమీపముననే మొవ్వ గ్రామము కలదు. అచ్చటి వేణుగోపాలస్వామియే క్షేత్రయ్య పదములలోని మువ్వగోపాలుడని ఆంధ్రుల విశ్వాసము. పదునేడవ శతాబ్దివాడైన క్షేత్రయ్య తంజావూరు విజయరాఘవ నాయకుని సభలో మన్నన లందెను. ఆయన పదములలో నేడు లభించునవి కొన్ని వందలు మాత్రమే. వానిని కాపాడినవారిలో తమిళసీమ గాయకులును, దేవదాసీలును ముఖ్యులు. స్వామి ఊరు ఇచ్చటను, స్వామి పాట అచ్చటను నిలిచినవి. మొవ్వకు వచ్చి గోపాలుని దర్శించి, ఒక్క పదమైనను వినకుండ మరలు యాత్ర సగము యాత్రయే.

మొవ్వకు మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపమును కూర్చి, ఇచ్చటి బ్రాహ్మణ కుటుంబములకు నేర్పెనని ప్రతీతి. ఆ కుటుంబములలో పుట్టిన ప్రతి పురుషుడును జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము ధరింపవలెనని నియమము. పురుషుడు తన అహంకారమును సత్యభామ అహంకారముగా ఆడి, తుదకు కృష్ణుని పాదములకడ విడుచుటకు ఇంతకన్న మంచి పాఠశాల యేది? గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానాషా వీరి నాట్యమును చూచి, 1678 ప్రాంతమున ఆ గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని సంప్రదాయము చెప్పును. భద్రాద్రి రామదాసు కథలోని తానాషాయే ఈయన.

శ్రీకాకుళ స్వామి వైభవమునకు గడ్డుకాలము కూడ వచ్చినది. ఆలయము శిథిలమై, ధూపదీపనైవేద్యములు కుంటుపడిన దినములలో దివిసీమ పెదప్రోలు వాస్తవ్యుడు కాసుల పురుషోత్తమకవి ఆ స్వామినే సంబోధించుచు ఆంధ్రనాయక శతకమును సీసపద్యములలో రచించెను. అది స్తోత్రమో, నిందయో వెంటనే తెలియదు. స్వామి గుణములనే దోషములుగా ఎత్తిచూపును, దెప్పును, నిలదీయును, ఆ దెప్పుటలోనే శరణాగతి దాగియుండును. ఇంటివానితో తప్ప పరులతో ఎవరును అట్లు మాటలాడరు. రాయలకు తెలుగున కావ్యము చెప్పుమన్న దేవుడు, తన గుడి పాడుపడినప్పుడు అదే తెలుగున మాటలు పడవలసి వచ్చెను.

విజయవాడనుండి అవనిగడ్డకు పోవు కరకట్ట దారి ఈ గ్రామము మీదుగనే పోవును. ఆ దారిన పోవువారు శ్రీకాకుళమున దిగి, స్వామిని సేవించి, మొవ్వ, కూచిపూడి గ్రామములను చూచుకొని పామర్రుమీదుగా మరలవచ్చును. ఏకాదశినాడు వచ్చువారు రాయలు చేసినట్లే ఉపవసించి, ఆ రాత్రి స్వామికడ ఆముక్తమాల్యదను పఠింపవచ్చును.