గూడబాతులకు నేలపట్టు ఎందుకు కావాలి?

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు అనే చిన్న ఊరు ఉంది. ఈశాన్య ఋతుపవనాల వానలకు అక్కడి చెరువు నిండగానే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు గుంపులుగా వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. 1976లో ప్రభుత్వం ఈ చోటును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. దాని విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. మన రాష్ట్రంలో చెరువులు ఎన్నో ఉన్నాయి కదా, మరి ఈ పక్షులు ఈ చెరువునే ఎందుకు ఎంచుకున్నాయి?

నీళ్ళలో నిలిచిన చెట్లు

నేలపట్టు చెరువులో కడప చెట్లు ఎక్కువ. నెలల తరబడి నీళ్ళలో నిలిచినా ఈ చెట్టు చావదు. గూడబాతు దాని కొమ్మల మీద పుల్లలతో గూడు కట్టి, మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. సుమారు 30 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అవి మూడు నుంచి అయిదు నెలల వరకు గూటినీ దాని పరిసరాలనూ వదలవు. అన్నాళ్ళూ చెట్టు చుట్టూ నీరుండాలి. ఎందుకంటే ఆ నీరే వాటికి కోటగోడ! నీరు ఇంకిపోతే అడవి పిల్లి, నక్క వంటి జంతువులు చెట్ల దాకా నడిచి రాగలవు.

వానలు తక్కువైన ఏడు, లేదా పూడిక పెరిగి చెరువు లోతు తగ్గినప్పుడు ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

రెట్ట చేసే మేలు

మన శరీరం నత్రజని వ్యర్థాన్ని యూరియా రూపంలో విసర్జిస్తుంది. పక్షులు యూరిక్ ఆమ్లం రూపంలో విసర్జిస్తాయి. రెట్టలోని తెల్లని భాగం అదే. అది చెరువులో పడినప్పుడు బాక్టీరియా దానిని అమోనియాగా, తరువాత నైట్రేట్లుగా మారుస్తాయి. పైరు వేళ్ళు ఈ నైట్రేట్లను పీల్చుకోగలవు. కనుక ఆ చెరువు నీరు పారిన పొలానికి నీటితో పాటు ఎరువు కూడా అందుతుంది. ఈ సంగతి అక్కడి రైతులకు చాలాకాలంగా తెలుసు. అందుకే వారు ఆ పక్షులను తమవిగా చూసుకుంటారు.

ఇంతకూ ఆ నత్రజని ఎక్కడిది? గూడబాతులు మేత కోసం పులికాట్ సరస్సుకు వెళ్ళి చేపలు పట్టుకొస్తాయి. అంటే సరస్సులోని నత్రజని రెక్కల మీద ప్రయాణించి వరిచేలకు చేరుతున్నదన్నమాట!

చెరువును మాత్రమే కాపాడితే చాలదు

దీనిని బట్టి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. పక్షి ఇల్లు నేలపట్టులో ఉన్నా, దాని వంటిల్లు పులికాట్‌లో ఉంది. సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే సముద్రపు నీరు, చేపలు లోపలికి రావడం తగ్గుతుంది. అప్పుడు నేలపట్టులో ఒక్క చెట్టు కూడా కొట్టకపోయినా గూళ్ళలోని పిల్లలు ఆకలితో మాడతాయి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద కాలనీ ఉన్నట్లు 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు కనుగొన్నారు. 1970ల నాటికి ఆ కాలనీ లేకుండా పోయింది. ఒకసారి వదిలిన చోటికి పక్షులు మళ్ళీ వస్తాయన్న నమ్మకం లేదు.

మీరు చూడటానికి వెళితే

పిల్లలున్న గూటి దగ్గర కేకలు వేసినా, రాళ్ళు విసిరినా తల్లి ఎగిరిపోతుంది. ఆ కాసేపటిలో కాకి గుడ్డును ఎత్తుకుపోవచ్చు. నీడనిచ్చే తల్లి లేక, ఈకలు రాని కూనలు ఎండకు సొమ్మసిల్లవచ్చు. కనుక మెల్లగా మాట్లాడండి. కట్ట మీద నుంచే చూడండి. ముదురు రంగు బట్టలు వద్దు. ప్లాస్టిక్ సంచులు వెంట తెచ్చేయండి.

చేసి చూడండి

మీ ఊరి చెరువు దగ్గరికి నెలకొకసారి ఒకే వేళకు వెళ్ళండి. తూము రాతి మీద నీటిమట్టం ఎక్కడుందో, ఎన్ని రకాల పక్షులున్నాయో, ఒక్కొక్క రకం ఎన్ని ఉన్నాయో పుస్తకంలో రాయండి. ఏడాది తరువాత నీటిమట్టానికీ పక్షుల సంఖ్యకూ గ్రాఫు గీయండి. మీ చెరువుకు పక్షులు ఎప్పుడు వస్తాయో, ఎందుకు వెళ్ళిపోతాయో ఆ గ్రాఫు చూసి మీ తరగతిలో చర్చించండి.