వీరేశలింగం వెనక ఉన్నదెవరు?

ప్రశ్న: మా ఊళ్లో ఒంటరి మహిళల కోసం సంఘం పెట్టాలనుకుంటున్నాం. ముందు డబ్బు చూసుకోవాలా, మనుషుల్నా? – ఒక పాఠకురాలు, ధవళేశ్వరం

జవాబు: దీనికి మీ ఊరి చరిత్రే సాక్ష్యం. సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం 1874లో ఆడపిల్లల బడి తెరిచింది ధవళేశ్వరంలోనే. తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరంలో.

పేరు ఆయనది, పని చాలామందిది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చారు. విద్యార్థులు అండగా నిలిచారు. వెలివేత భయంతో వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేస్తే భార్య రాజ్యలక్ష్మమ్మ తానే వండారు, గోదావరి నుంచి నీళ్లు మోశారు. (ఆవిడే లేకపోతే ఉద్యమం ఉపన్యాసాల దగ్గరే ఆగేదేమో!)

పెళ్లితో పని తీరలేదు. కొత్త జంటలకు నీడ, బతుకుతెరువు కూడా చూడాల్సి వచ్చింది. తర్వాత ఆయన తన ఆస్తిని తాను నెలకొల్పిన సేవా సంస్థ హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. 1919లో ఆయన పోయాక కూడా అది నిలిచింది.

కనుక ముందు మనుషులు, ఆ వెంటనే నిధి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ ఏడుగురిలో ఎక్కువమంది ఒంటరి మహిళలే ఉండేలా చూసుకోండి.