దూలమునకు ఇనుప పట్టీ బిగించు విధము

జాకార్డును దూలముపై నిలిపిన మగ్గపుశాలలలో, దాని బరువును, కాలితో తొక్కినప్పుడెల్ల కలుగు కుదుపును ఆ దూలమే మోయవలెను. రెండు గోడలపై ఆనిన దూలముపై బరువు పడినప్పుడు పై అంచు నొక్కుకొనును, క్రింది అంచు సాగును. నడుమ బరువున్నచో వంపు అచ్చటనే అధికము. కావున నడిమి భాగమున క్రింది అంచును తరచుగా పరీక్షింపవలెను.

పగులు కనబడగానే రేకు చుట్టి మేకులు కొట్టుట మనలో కొందరి అలవాటు. మేకు పగులును పెంచును గాని ఆపదు.

మొదట జాకార్డును దింపవలెను. దూలము క్రింద ఊతగుంజలు నిలిపి, వంగిన భాగమును మెల్లగా ఎత్తవలెను. బరువు దింపక పట్టీ బిగించినచో, ఆ బరువు పగిలిన చెక్కపైననే నిలుచును. పిదప ఉలితో పొడిచి చూడవలెను. చెదలు తిన్న దూలమును మార్చుటయే గాని పట్టీతో నిలుపలేము.

చెక్క గట్టిదైనచో, పగులునకు ఇరుప్రక్కల బాగుగా సాగు పొడవైన పట్టీలను దూలము రెండు పక్కల ఉంచి, అడ్డముగా బోల్టులు దూర్చి బిగింపవలెను. రంధ్రములు క్రింది అంచునకు దగ్గరగా గాని, ఒకే వరుసలో గాని తొలువరాదు. ఆ వరుసవెంట చెక్క చీలును. చెక్క ఎండి కుంచించుకొనును గనుక కొన్ని నెలలకు మరల బిగింపవలెను.

తెగిన పోగును మనము అతుకగలము. దూలము విరిగినచో దాని క్రింద కూర్చున్నది మనమే.