చార్టు అంతా చదివినా, కంటి నరం చూపించాల్సిందే ఎప్పుడు?



కంటి పరీక్షలో మీ అబ్బాయి చార్టు చివరి వరుస దాకా చదివాడు. కానీ కొన్నాళ్లుగా పొద్దున లేవగానే తలనొప్పి అంటున్నాడు. చూపు బాగుంది కదా అని ఊరుకోవచ్చా? ఊరుకోకూడదు. చార్టుతో చూపు ఎంత స్పష్టంగా ఉందో తెలుస్తుంది. కంటి వెనుక నరం ఎలా ఉందో తెలియదు.

నరం ఎందుకు వాస్తుంది?

మెదడు చుట్టూ ఉన్న పొరలే కంటి నరం చుట్టూ కూడా ఉంటాయి. తలలో ఒత్తిడి పెరిగితే అది కంటి దాకా వచ్చి నరం మొదలు వాస్తుంది. దీన్ని పాపిలెడీమా అంటారు. మెదడులో గడ్డ, నీరు చేరడం, టీబీ మెనింజైటిస్ వంటివి కారణం కావచ్చు. కొందరికి, ముఖ్యంగా బరువు ఎక్కువున్న టీనేజ్ ఆడపిల్లలకు, గడ్డ ఏమీ లేకున్నా ఒత్తిడి పెరుగుతుంది. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ వల్ల కూడా అరుదుగా ఇలా జరుగుతుంది. వాటిని డాక్టర్ చీటీ లేకుండా కొనకండి.

మొదట్లో చాలామందికి చూపు తగ్గదు. ఆలస్యమైతే మాత్రం పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

ఇవి గమనించండి

• పొద్దున, పడుకున్నప్పుడు, దగ్గినప్పుడు ఎక్కువయ్యే తలనొప్పి
• కడుపులో ఏ ఇబ్బందీ లేకుండా పొద్దున వాంతులు
• వంగి లేచినప్పుడు కొన్ని సెకన్లు కళ్లు మసకబారడం
• ఒకటి రెండుగా కనిపించడం, మెల్లకన్ను కొత్తగా రావడం, ఒక కన్ను మూసుకుని బోర్డు చూడటం
• నడక తూలడం, చదువులో, ప్రవర్తనలో ఉన్నట్టుండి మార్పు

పిల్లల తలనొప్పుల్లో ఎక్కువ భాగం ప్రమాదకరం కాదు. కానీ పై లక్షణాలు ఉంటే అద్దాలు మార్చి, నొప్పి మాత్ర వేసి వారాల తరబడి చూడకండి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు మీ ఫ్యామిలీ డాక్టర్‌కు లక్షణాలన్నీ చెప్పి, "బీపీ చూడండి, కంటి నరం కూడా చూడాలా?" అని అడగండి. బీపీ బాగా పెరిగినా నరం వాస్తుంది. కళ్లద్దాల షాపులో నంబర్ చూడటం ఈ పరీక్ష కాదు. కంటి డాక్టర్ చుక్కల మందు వేసి ఫండస్ చూస్తారు. ఆ తర్వాత కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, భయం లేదు.

వాపు ఉందంటే అదే రోజు పెద్దాసుపత్రికి బయల్దేరండి. చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె వైపు వారికి తిరుపతిలో స్విమ్స్ ఉంది. కుప్పం వారికి పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గర. వేలూరు సీఎంసీకి వెళ్లేవారూ ఉన్నారు. ముందు మెదడు స్కాన్ తీస్తారు. అవసరమైతే వెన్ను నుంచి నీరు తీసి ఒత్తిడి కొలుస్తారు. దానివల్ల కాళ్లు పడిపోతాయన్న భయంతో పరీక్ష వద్దనకండి. నరం ఉబ్బినట్టు కనిపించినా కొందరిలో అది పుట్టుకతో వచ్చిన తీరే కావచ్చు. ఆ మాట తేల్చాల్సింది డాక్టరే.

మత్తుగా ఉండటం, ఫిట్స్, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చూపు హఠాత్తుగా తగ్గడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో గమనించినది డైరీలో రాసి క్లాస్ టీచర్‌కు పంపండి. బోర్డు చూసేటప్పుడు మీ బిడ్డ ఏం చేస్తున్నదీ టీచర్ కూడా గమనించి చెప్పగలరు. ఆ రెండు వివరాలూ డాక్టర్‌కు ఎంతో పనికొస్తాయి.