చిట్టా మూయు వేళ
(కంప్యూటరు ఫైళ్ల భద్రతపై ఒక పాఠము)

మన జంట నగరముల అంగళ్లలో పూర్వము నుండి రెండు పుస్తకములు ఉంచుట వాడుక. మొదటిది చిట్టా. ఆనాటి లావాదేవీలన్నియు జరిగిన వరుసలో అందులో పడును. రెండవది ఆవర్జా. ఎవరి లెక్క వారికి వేరుగా అందులో ఉండును. చిట్టానే ఉర్దూలో రోజ్‌నామ్చా అందురు. గుమాస్తా ముందుగా చిట్టాలో పద్దు వ్రాసి, తరువాత తీరికగా దానిని ఆవర్జాకు ఎక్కించును. నడుమ దీపము ఆరిపోయినను భయము లేదు. మరునాడు చిట్టా తెరచి, ఎక్కించగా మిగిలిన పద్దులను ఎక్కించవచ్చును. కంప్యూటరు డిస్కుపై ఫైళ్లను అమర్చెడి ‘జర్నలింగ్ ఫైల్ సిస్టమ్’ ఇదే పద్ధతిపై నడచుచున్నది.

కరెంటు పోయి తిరిగి వచ్చిన తరువాత జర్నల్ మనలను ఎట్లు కాపాడునో పాఠ్యగ్రంథములన్నియు చెప్పుచున్నవి. కంప్యూటరును క్రమముగా మూయునప్పుడు ఏమి జరుగునో, ఆ మూయుటలోనే లోపము ఎదురైనచో ఏమి చేయవలెనో అంత వివరముగా చెప్పుట అరుదు. కావున ఈ వ్యాసమున ఆ విషయమునే తీసికొంటిమి. అడ్మిషన్ రిజిస్టర్లు, మార్కుల పట్టికలు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు డిస్కులపైననే ఉండు ఈ రోజులలో ఇది కేవలము యంత్ర విషయము కాదు. ఒక విద్యార్థి సంవత్సరపు శ్రమ అందులో ఇమిడి ఉన్నది.

జర్నల్ ఎందుకు పుట్టినది

చిన్న ఫైలు ఒకటి సృష్టించుటకైనను డిస్కుపై పలు చోట్ల మార్పులు చేయవలెను. డైరెక్టరీలో పేరు చేర్చవలెను. ఫైలు వివరములు నిలుపు ‘ఐనోడ్’ను నింపవలెను. ఖాళీ స్థలముల పటమును దిద్దవలెను. ఒకటి వ్రాసి రెండవది వ్రాయక మునుపే కరెంటు పోయినచో లెక్క తప్పును. జర్నల్ లేని రోజులలో అట్టి సమయమున డిస్కు మొత్తమును తనిఖీ చేయవలసి వచ్చెడిది. డిస్కులు పెరిగిన కొలది ఆ తనిఖీకి గంటలు పట్టసాగినవి.

దీనికి విరుగుడుగా 1990లో ఐ.బి.ఎం. వారి జె.ఎఫ్.ఎస్., 1994లో సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఎక్స్.ఎఫ్.ఎస్. వెలువడినవి. లినక్స్ కొరకు స్టీఫెన్ ట్వీడీ 1998లో ఒక జర్నల్ పద్ధతిని ప్రతిపాదించెను. అది ఎక్స్‌ట్3 అను పేర 2001లో లినక్స్ కెర్నెల్‌లో చేరినది. దాని తరువాతి రూపమైన ఎక్స్‌ట్4 2008లో స్థిరపడినది.

వీని సూత్రము సులభము. ఒక పనికి సంబంధించిన మార్పులన్నిటిని ఒక కట్టగా జర్నల్‌లో వ్రాసి, చివర ‘కమిట్’ అను ముద్ర వేయుదురు. తరువాతనే ఆ మార్పులను వాని అసలు స్థానములకు ఎక్కించుదురు. ఈ ఎక్కింపును ‘చెక్‌పాయింట్’ అందురు. యంత్రము అర్ధాంతరముగా ఆగినచో, మరల తెరచునప్పుడు ముద్ర ఉన్న కట్టలను ఎక్కించి, ముద్ర లేనివానిని విడిచిపెట్టుదురు. సగము పని మాత్రము నిలువదు.

మూయు క్రమము

కంప్యూటరును మూయుమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఫైల్ సిస్టమ్ ఈ పనులను వరుసగా చేయవలెను. మొదట క్రొత్త వ్రాతలను ఆపవలెను. రెండవది, చేతిలో ఉన్న కట్టకు కమిట్ ముద్ర వేయవలెను. మూడవది, జర్నల్‌లోని కట్టలన్నిటిని అసలు స్థానములకు ఎక్కించవలెను. నాలుగవది, డిస్కు తన లోపలి తాత్కాలిక మెమరీలో దాచుకొన్న దానిని కూడ నిజముగా పలకపై వ్రాయునట్లు చూడవలెను. అయిదవది, ‘జర్నల్ ఖాళీ, పునరుద్ధరణ అవసరము లేదు’ అని డిస్కు మొదటి పుటవంటి సూపర్‌బ్లాక్‌లో గుర్తు పెట్టవలెను. చివరగా జర్నల్ పని చూచు థ్రెడ్‌ను నిలిపి, అది నిలిచిన తరువాతనే దాని మెమరీని విడువవలెను. గుమాస్తా వ్రాయుచుండగనే బల్ల లాగివేయరాదు కదా!

ఈ వరుసలో అయిదవ పని అన్నిటికంటె బరువైనది. ఖాళీ అను గుర్తు ఒక వాగ్దానము. దానిని నమ్మి మరునాడు యంత్రము జర్నల్‌ను తెరచి చూడదు. తరువాత క్రొత్త పద్దులు పాతవానిపైననే పడును. కావున మూడవ పనిలో గాని నాలుగవ పనిలో గాని లోపము జరిగియుండగా ఆ గుర్తు పెట్టినచో, ఎక్కని పద్దు ఎవరికిని తెలియకుండ మాసిపోవును.

రైలు పట్టాల పాఠము

సికింద్రాబాదు వాసులకు ఈ న్యాయము క్రొత్తది కాదు. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ఈ నగరమే ప్రధాన స్థానము. రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చు ఇరిసెట్ సంస్థ 1957లో ఇక్కడనే వెలసినది. రెండు స్టేషన్ల నడుమ దారిని బ్లాకు సెక్షను అందురు. బండి ఇంజను స్టేషను చేరినంత మాత్రమున వెనుక సెక్షను ఖాళీ అయినట్లు కాదు. నడుమ ఒక పెట్టె విడిపోయి పట్టాలపై నిలిచి ఉండవచ్చును. అందుచేత కడపటి పెట్టెకు ‘ఎల్.వి.’ అను పలకను, రాత్రివేళ ఎర్ర దీపమును ఉంచుదురు. అది కనబడిన పిదపనే బండి పూర్తిగా వచ్చినదని భావింతురు. ఇరుసులను లెక్కించు యంత్రములు ఉన్న చోట ఆ లెక్క సరిపోవలెను. సందేహము ఉన్నంతవరకు సెక్షనులో బండి ఉన్నట్లే లెక్క. వేరొక బండిని పంపరు.

ఫైల్ సిస్టమ్ మూతకును ఇదే నియమము వర్తించును. కడపటి పద్దు చేరినదని రూఢి కానిదే జర్నల్ ఖాళీ అని వ్రాయరాదు.

లోపము ఎదురైనచో

కమిట్ వేళ వ్రాత విఫలమైనచో జర్నల్ పనిని అక్కడనే ఆపి, ఫైల్ సిస్టమ్‌ను చదువుటకు మాత్రమే తెరచి ఉంచవలెను. ముద్ర పడని కట్ట లెక్కలోనికి రాదు కనుక పాత స్థితి చెడదు. చెక్‌పాయింట్ వేళ విఫలమైనచో జర్నల్‌ను ఖాళీ చేయక, ‘పునరుద్ధరణ అవసరము’ అను గుర్తును అట్లే ఉంచవలెను. మరల తెరచునప్పుడు ఆ కట్టలను ఎక్కించుటకు ఇంకొక అవకాశము దొరకును. చెడిన డిస్కుపై అంతులేకుండ ప్రయత్నించుచు ఉండుటయు తప్పే. అట్టి యంత్రము మూతపడదు. విసిగిన మనిషి ప్లగ్గు లాగును. ఒక హద్దు వరకు యత్నించి, లోపమును సూపర్‌బ్లాక్‌లో నమోదు చేసి, మెమరీని వరుస తప్పక విడిచి, మొదట ఎదురైన లోపమును పైవారికి తెలుపవలెను. ఎక్స్‌ట్4 మొదటి లోపము, కడపటి లోపము జరిగిన వేళలను సూపర్‌బ్లాక్‌లో నిలుపుకొనును.

ఇది ఊహామాత్రమైన భయము కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో వెలువరించిన పరిశీలనలో, ఆనాటి ఎక్స్‌ట్3 జర్నల్ వ్రాత విఫలమైనను మిగిలిన కట్టను, కమిట్ ముద్రను వ్రాయుచునే పోవుట బయటపడినది. వ్రాయని పద్దులకు ముద్ర వేసినట్లాయెను.

2018లో పోస్ట్‌గ్రెస్ అను డేటాబేస్ నిర్మాతలకు ఇంకొక సంగతి తెలిసినది. డిస్కుపై వ్రాత విఫలమైనచో లినక్స్ ఆ లోపమును ఒకసారి తెలిపి, మెమరీలోని ఆ పుటను వ్రాసి ముగించినట్లు గుర్తించు సందర్భములు ఉన్నవి. అప్పుడు ‘ఎఫ్‌సింక్’ ఆజ్ఞను రెండవసారి ఇచ్చినచో ‘అంతయు క్షేమము’ అను జవాబు వచ్చును. దానిని నమ్మి డేటాబేస్ తన చిట్టాలోని పాత భాగమును తుడిచివేసిన యెడల ఆ సమాచారము ఇక దొరకదు. 2019 ఫిబ్రవరిలో వెలువడిన పోస్ట్‌గ్రెస్ రూపములలో దీనికి మార్పు చేసిరి. ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైనచో మరల అడుగక, పనిని ఆపి, చిట్టా నుండి తిరిగి ఎక్కించుకొనుటయే ఆ మార్పు. సందేహము కలిగిన చోట ఆగుటయే క్షేమమని వారు నిర్ణయించిరి.

మనము చేయవలసినది

విద్యార్థులు ప్రోగ్రాము వ్రాయునప్పుడు ప్రతి ఆజ్ఞకు వచ్చు జవాబును చూడవలెను. ఫైలు మూయుట కూడ ఒక ఆజ్ఞయే. ముఖ్యమైన వ్రాత తరువాత ఎఫ్‌సింక్ చేసి, దాని జవాబు సరియైనచోనే ‘భద్రపరచబడినది’ అని తెరపై చూపవలెను. లాబొరేటరీలో మూత పూర్తి కాకుండ స్విచ్చి ఆపరాదు. తెరపై లోపపు వాక్యము కనబడినచో దానిని కాగితముపై వ్రాసికొని అధ్యాపకులకు చూపవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు విషయములు మనవి చేయుచున్నాము. కరెంటు పోయినప్పుడు యంత్రములు క్రమముగా మూతపడుటకు చాలినంత సమయమిచ్చు బ్యాటరీ ఏర్పాటు ఉండవలెను. లోపము చూపిన డిస్కుపై మరల వ్రాయకుండ, ముందుగా దాని పూర్తి ప్రతిని వేరొక డిస్కుపైకి తీసి, తరువాతనే మరమ్మతుకు పూనుకొనవలెను. జర్నల్ ఉన్నది కదా అని ప్రతులు తీయుట మానరాదు. ఎక్స్‌ట్4 మామూలు అమరికలో జర్నల్ కాపాడునది ఫైళ్ల పేర్లు, స్థానములు మొదలగు అమరికనే. లోపలి విషయమునంతటిని అది రెండుమార్లు వ్రాసి ఉంచదు. పొరపాటున చెరిపిన ఫైలును తిరిగి ఇవ్వదు.

రాత్రి అంగడి మూయునప్పుడు ఒక పద్దు తేలకున్నచో ‘ఇది ఇంకను తేలలేదు’ అని చిట్టాలో గుర్తు పెట్టి పోవు గుమాస్తా వలన యజమానికి నష్టము లేదు. లెక్క సరిపోయినట్లు గీత గీసి పోవువాని వలననే నష్టము. మన యంత్రములను, మన ప్రోగ్రాములను మొదటి గుమాస్తా వలె తీర్చిదిద్దుకొందుము గాక.